ఓడలు బండ్లు, బండ్లు ఓడలు: విద్యుత్ కారు కంపెనీల కలిమిలేములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో ఏదేనొక విజ్ఞాన విషయమును గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఏ విషయమైన బాగుండునని నేను వారినే అడిగితిని. మన పఠనమందిరమున యువకులు పత్రిక తెరచిన వెంటనే విద్యుత్ కార్ల వార్తలు వెదకుదురనియు, ఒకనాడు ఆకాశమునకెత్తిన కంపెనీయే మరునాడు దివాలా తీసినట్లు చదివి వింతపడుదురనియు, దాని మర్మమేమో చెప్పుడనియు వారు సెలవిచ్చిరి. నాకు తెలిసినంతలో చెప్పెదను.

ఇది మనకు పట్టని దూరదేశపు ముచ్చట యని ఎవ్వరును తలంపవలదు. మన వీధులలో విద్యుత్ స్కూటర్లు తిరుగుచున్నవి. విద్యుత్ ఆటోలు వచ్చినవి. వాటిని అప్పుచేసి కొన్నవారున్నారు. ఆయా కంపెనీల వాటాలను సెల్‌ఫోనులో కొని, ప్రొద్దుట లేవగనే వాటి ధర చూచుకొను యువకులును ఉన్నారు. బండి చేసిన కంపెనీ మూతపడినచో బండి మిగులును, అప్పు మిగులును. దానికి కావలసిన విడిభాగము మాత్రము దొరకదు. కావున ఎవరు నిలుతురు, ఎవరు కూలుదురు అను ప్రశ్న మన ఇంటి ప్రశ్నయే. నా చూపునకు తోచినంతవరకు, ఈ వ్యాపారమున బండికంటె బ్యాటరీ ముఖ్యము. దానిని సొంతముగా చేయనేర్చినవాడు నిలిచినాడు. ఈ మాటను దృష్టిలో ఉంచుకొని కథ వినుడు.

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టినది కాదు. 1899 ఏప్రిలులో పారిసు నగర సమీపమున జెనాట్జీ అను బెల్జియం దేశీయుడు విద్యుత్ కారును గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగమున నడపెను. అంతకుముందు ఏ మోటారు బండియు ఆ వేగమునందుకొనలేదు. 1900లో అమెరికాయందు తయారైన నాలుగువేల పైచిలుకు మోటారు బండ్లలో 1,681 ఆవిరితో నడచునవి, 1,575 విద్యుత్తుతో నడచునవి. పెట్రోలు బండ్లు 936 మాత్రమే. ఆనాడు పందెము కాయుమన్న, తెలిసినవాడెవ్వడును పెట్రోలు మీద కాయకుండెడివాడేమో!

పట్టణపు స్త్రీలు విద్యుత్ కారును మిక్కిలి మెచ్చిరి. మన చేలలో ఆయిల్ ఇంజనుకు హాండిలు వేసి త్రిప్పినవారికి దాని కారణము వేరుగ చెప్పనక్కరలేదు. ఆనాటి పెట్రోలు కారును సైతము ముందు నిలిచి ఇనుప కడ్డీతో త్రిప్పవలసి యుండెను. కడ్డీ వెనుకకు తన్ని చేతులు విరిగినవారు కలరు. విద్యుత్ కారునకు ఆ బాధ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. డెట్రాయిట్ నగరమున గుఱ్ఱపు బండ్లు చేయుచుండిన ఆండర్సన్ కంపెనీవారు 1907లో డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అను పేర ఇట్టి కార్లను చేయ మొదలిడిరి. పెట్రోలు కార్ల చక్రవర్తి యనదగిన హెన్రీ ఫోర్డుగారి సతీమణి క్లారా ఎక్కి తిరిగినది ఈ డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారునందే. భర్త అంగడి సరుకు భార్యకు నచ్చలేదన్నమాట.

కాని అంగడి గెలిచెను. ఫోర్డు 1908లో మోడల్ టి కారును తెచ్చెను. 1913లో, కారు తానుగా పనివారి ముందునకు జరిగివచ్చు పద్ధతిని కర్మాగారమున నెలకొల్పెను. 1916 నాటికి ఆ కారు ధర 360 డాలర్లకు దిగెను. విద్యుత్ కారు మూడువేల డాలర్ల ప్రాంతమున నుండెను. ఇంతలో 1912లో కాడిలాక్ కార్లకు కెట్టరింగ్ అను ఇంజనీరు కనిపెట్టిన సెల్ఫ్‌స్టార్టరు వచ్చెను. చిన్న విద్యుత్ మోటారు పెట్రోలు ఇంజనును త్రిప్పగా, కడ్డీతో పని పోయెను. విద్యుత్ కారును దెబ్బతీసినది విద్యుత్తే యనుట విడ్డూరముగ నుండును గాని, జరిగినది అదియే. సీసపు బ్యాటరీలు బరువు, త్వరగా అయిపోవును, పల్లెలలో వాటికి మరల విద్యుత్తు నింపుకొను సౌకర్యము లేదు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కంపెనీ ఈదుచు ఈదుచు 1939 వరకు బ్రతికి, మొత్తము పదమూడువేల కార్ల ప్రాంతమున చేసి కన్నుమూసెను. ఫోర్డు 1927 నాటికి కోటిన్నర మోడల్ టి కార్లను చేసెను.

తరువాత సుమారు అరువది యేండ్లు విద్యుత్ కారును ఎవ్వరును గట్టిగా పట్టించుకొనలేదు. 1996లో జనరల్ మోటార్సువారు ఇ.వి.1 అను చక్కని కారును చేసి, అమ్మక, అద్దెకు మాత్రము ఇచ్చిరి. వాడినవారు దానిని ప్రేమించిరి. కంపెనీవారు దాని తయారి నిలిపి, కార్లను వెనుకకు తీసికొని, పెక్కింటిని నుగ్గుచేసిరి. ఇచ్చినవారే తీసికొని పిండిచేయుట చూచి కాలిఫోర్నియాలో కొందరు ఇంజనీర్ల మనసులు మండినవి. నేటి కథ అచ్చటనే మొదలగును.

2003 జూలైలో మార్టిన్ ఎబర్‌హార్డ్, మార్క్ టార్పెనింగ్ అను ఇరువురు టెస్లా కంపెనీని స్థాపించిరి. ఎలాన్ మస్క్ దానికి మూలపురుషుడని పలువురు తలంతురు గాని, ఆయన 2004లో పెట్టుబడితో వచ్చి చేరినవాడు. పిదప వ్యాజ్యము రాజీపడగా ఆయనకు సైతము స్థాపకుడను పేరు దక్కెను. వీరి తొలి కారైన రోడ్‌స్టర్ 2008లో వెలువడెను. దాని బ్యాటరీలో లాప్‌టాప్ కంప్యూటర్లలో వాడునట్టి చిన్న చిన్న లిథియం సెల్లులు 6,831 కలవు. చేతి టార్చిలైటు సెల్లులవంటివాటిని వేలకొలది కూర్చి కారును నడపిరన్నమాట! ఈ కూర్పు నేర్పే టెస్లా అసలు విద్య.

ఆ 2008 సంవత్సరాంతమున కంపెనీ దివాలా అంచున నిలిచెను. క్రిస్మసు పండుగ వేళకు దొరికిన సొమ్ముతో ఊపిరి నిలిచెను. 2009లో జర్మనీకి చెందిన డైమ్లర్ కంపెనీవారు 5 కోట్ల డాలర్లు పెట్టిరి. 2010లో అమెరికా ప్రభుత్వము 46.5 కోట్ల డాలర్ల ఋణమిచ్చెను. ఆ అప్పును 2013లో, గడువునకు తొమ్మిదేండ్లు ముందుగనే తీర్చిరి. జనరల్ మోటార్సువారు, టొయోటావారు కలసి నడపి మూసివేసిన ఫ్రీమాంట్ కర్మాగారము వీరికి కారుచౌకగా చిక్కెను. 2012లో మోడల్ ఎస్, 2017లో మోడల్ 3, 2020లో మోడల్ వై వచ్చినవి. చైనాలోని షాంఘైలో 2019 జనవరిలో శంకుస్థాపన జరిగిన కర్మాగారమునుండి ఆ డిసెంబరునకే కార్లు వెలువడినవి. మన యొద్ద పంచాయతీ భవనమునకు సైతము అంతకంటె ఎక్కువ కాలము పట్టును. 2021 అక్టోబరులో టెస్లా వాటాల మొత్తము విలువ లక్ష కోట్ల డాలర్లు దాటెను. 2023లో పద్దెనిమిది లక్షల కార్లను అమ్మిరి.

ఇది ఓడ యైన బండి కథ. ఇక మరియొక కంపెనీని చూడుడు. జపానుకు చెందిన నిస్సాన్‌వారు 2010 డిసెంబరులోనే లీఫ్ అను విద్యుత్ కారును సామాన్యులకు అందుబాటు ధరలో తెచ్చిరి. ఆ దశాబ్దమున ప్రపంచమున ఎక్కువగా అమ్ముడైన విద్యుత్ కార్లలో అది ముందు వరుసలోనిది. వారికి సొంత బ్యాటరీ కర్మాగారమును ఉండెను. అయినను ఏమైనది? లీఫ్ బ్యాటరీని చల్లబరచుటకు ద్రవమును ప్రసరింపజేయు ఏర్పాటు చేయక, గాలికే వదలిరి. అమెరికాలోని ఆరిజోనా ఎడారి ఎండలకు ఆ బ్యాటరీలు త్వరగా క్షీణించినవి, కొన్నవారు న్యాయస్థానములకెక్కిరి. రోహిణికార్తె ఎండలెరిగిన మనకు ఈ సంగతి చెవిని వేసికొనదగినది. పిమ్మట 2019లో నిస్సాన్‌వారు ఆ బ్యాటరీ కంపెనీలో పెద్ద భాగమును ఎన్విజన్ అను చైనా సంస్థకు అమ్మివేసిరి. విత్తనము అమ్ముకొన్న రైతునకు పంట ఏది? 2025 ఫిబ్రవరిలో హోండాతో కలియవలెనను సంప్రదింపులు విఫలమైనవి. ఆ మే నెలలో ఇరువదివేల మంది ఉద్యోగులను తగ్గింతుమని వారు ప్రకటించిరి.

నిస్సాన్‌వారు వదలుకొన్నదానిని ఆధారముగ జేసికొని పైకి వచ్చినవాని కథ ఇప్పుడు చెప్పెదను. ఇది నాకు అన్నిటికంటె ఆసక్తికరముగ తోచినది.

వాంగ్ చువాన్‌ఫు 1966లో చైనాయందు అన్హుయ్ రాష్ట్రమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. చిన్ననాటనే తల్లిదండ్రులు గతించగా తోబుట్టువులు సాకిరి. రసాయనశాస్త్రము చదివి, బ్యాటరీలపై పరిశోధన చేసెను. 1995లో షెన్‌జెన్ నగరమున, బంధువునొద్ద తెచ్చిన సొమ్ముతో, ఇరువది మంది పనివారితో బి.వై.డి. అను కంపెనీని ప్రారంభించెను. అది కార్ల కంపెనీ కాదు. బ్యాటరీలు చేయు చిన్న కార్ఖానా. అప్పుడు జపానువారు అమిత ఖరీదైన యంత్రములతో బ్యాటరీలు చేయుచుండిరి. వాంగ్ వద్ద అంత సొమ్ము లేదు. ఆయన పనిని చిన్న చిన్న భాగములుగా విడదీసి, మనుష్యుల చేతులతో చేయించెను. కోతయంత్రము తేలేని రైతు కూలీలను పెట్టి సకాలమున కోత ముగించినట్లుండెను ఆ ఉపాయము. కొలదికాలమునకే మోటరోలా, నోకియావంటి సెల్‌ఫోను కంపెనీలు ఆయన బ్యాటరీలు కొనసాగినవి.

2003 జనవరిలో, అనగా టెస్లా పుట్టుటకు ఆరు నెలల ముందు, వాంగ్ ఒక అప్రసిద్ధమైన కార్ల కంపెనీని కొనెను. వాటాదారులు బెంబేలెత్తిరి, వాటాల ధర పడిపోయెను. ఆయన చేసిన తొలి కార్లు టొయోటా కార్లకు నకళ్ళవలె నున్నవని లోకము ఎగతాళి చేసెను. 2008లో మాత్రము అమెరికా ధనికుడు వారెన్ బఫెట్ గారి సంస్థ 23 కోట్ల డాలర్లిచ్చి అందు సుమారు పదవ వంతు వాటా కొనెను. 2011లో ఒక టెలివిజన్ సంభాషణలో బి.వై.డి. మీకు పోటీ కాగలదా యని అడుగగా మస్క్ పకపక నవ్వెను. ఆ నవ్వు నేటికిని చిత్రములో భద్రముగ నున్నది. చూడగోరువారు సెల్‌ఫోనులో చూడవచ్చును.

నవ్వినందుకు ఆయనను పూర్తిగా తప్పుపట్టలేము. ఆనాటి బి.వై.డి. కార్లు నిజముగనే నాసిరకము. 2019లో చైనా ప్రభుత్వము సబ్సిడీలు తగ్గించగా ఆ కంపెనీ లాభము నూటికి నలుబది వంతులకు పైగా పడిపోయెను. ఆ కష్టకాలమునందే బ్యాటరీ విద్య అక్కరకు వచ్చెను. సాధారణముగ కారు బ్యాటరీలలో నికెలు, కోబాల్టు అను ఖరీదైన లోహములు వాడుదురు. వాటికి బదులు ఇనుము, ఫాస్ఫేటు వాడు పద్ధతి యొకటి కలదు. ఇది చవుక, మండిపోవు భయము తక్కువ, దీర్ఘాయువు. లోపమేమనగా, అదే బరువునకు కొంత తక్కువ శక్తిని నిలువచేయును. 2020 మార్చిలో బి.వై.డి.వారు ఈ రకపు సెల్లులను కత్తి అలుగులవలె సన్నగా, పొడవుగా చేసి, నడుమ పెట్టెలు లేకుండ ప్రక్కప్రక్కనే పేర్చు ఉపాయమును వెలువరించిరి. చోటు కలసివచ్చినందున శక్తిలోపము చాలవరకు తీరెను. దానికే అలుగు బ్యాటరీ యని పేరు.

ఇచ్చట ఒక లెక్క చెప్పవలెను. మన కరెంటు బిల్లులో వ్రాయు యూనిట్ ఉన్నది గదా. అట్టి ఒక యూనిట్ విద్యుత్తును నిలువచేయగల బ్యాటరీ ఖరీదు 2010లో వేయి డాలర్లకు పైమాట. 2024 నాటికి అది సగటున 115 డాలర్ల ప్రాంతమునకు దిగెను. ఒక సామాన్యమైన విద్యుత్ కారునకు నలుబది, ఏబది యూనిట్ల బ్యాటరీ కావలెను. కారు ఖరీదులో మూడవ వంతునకు అటునిటుగా బ్యాటరీదే. ఆ ధర దిగినకొలది, దానిని బయట కొనువానికంటె సొంతముగా చేయువానికి మేలు. గానుగ గలవాడు నూనె ధరకు భయపడునా?

2022 మార్చిలో బి.వై.డి.వారు కేవలము పెట్రోలుతో నడచు కార్ల తయారిని పూర్తిగా మానివేసిరి. 2023 చివరి మూడు నెలలలో వారు 5 లక్షల 26 వేల విద్యుత్ కార్లను అమ్మగా, టెస్లావారు 4 లక్షల 84 వేలు అమ్మిరి. 2025లో సంవత్సరము మొత్తమునకే స్థానములు మారినవి: బి.వై.డి.వి 22 లక్షలకు పైగా, టెస్లావి 16 లక్షలకు పైగా. పెట్రోలు, బ్యాటరీ రెండును వాడు మిశ్రమ జాతి కార్లను నేనిందు లెక్కింపలేదు. ఈ కంపెనీవారు విదేశములకు కార్లు పంపుటకు 2024 జనవరిలో ఏడువేల కార్లు పట్టు ఓడను నడపిరి. తరువాత ఇంకను పెద్దవానిని కట్టించిరి. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అను సామెతను ఇంత అక్షరాల నిజము చేసినవారు మరియొకరు లేరు.

టెస్లా ఎందుకు వెనుకపడెను? 2023 మొదలుకొని ధరలు తగ్గించుచు పోయినను కొత్త కారు, చవుక కారు రాలేదు. సైబర్‌ట్రక్ అను వింత ఆకారపు బండి తలచినంత అమ్ముడుపోలేదు. 2025లో మస్క్ గారి రాజకీయముల వలన ఐరోపాలో పలువురు విముఖులైరి. 2024లోను, 2025లోను అమ్మకములు తగ్గినవి. అయినను చిత్రము చూడుడు: 2025 చివర సైతము వాటాల విలువలో ప్రపంచపు కార్ల కంపెనీలన్నిటిలో టెస్లాదే అగ్రస్థానము. కొనువారు నేటి కార్లను జూచి కాక, రేపటి మరమనుషులను, చోదకుడు లేని టాక్సీలను ఊహించి కొనుచున్నారు. నాకైతే ఆ ఊహకు అంత ధర యెక్కువ యనిపించును. సెల్‌ఫోనులో వాటాలు కొను యువకులు కోపగింపకుందురు గాక.

బి.వై.డి. విజయము చైనా ప్రభుత్వ సహాయము వలననే యనువారు కలరు. అది సగము సత్యము. 2009 నుండి 2022 వరకు అచ్చటి ప్రభుత్వము కొనువారికి సబ్సిడీలిచ్చెను. కాని ఆ సబ్సిడీలు పొందిన కంపెనీలు వందలకొలది. వాటిలో వెల్ట్‌మైస్టర్ 2023లో, హైఫై 2024లో, నేటా 2025లో కూలబడినవి. ఒకే చెరువు నీరు పారిన పొలములన్నియు ఒకే తీరున పండవు గదా.

కూలినవారి జాబితా అమెరికాలోను, ఐరోపాలోను ఇంకను పెద్దది. ఇజ్రాయెల్ దేశమున బెటర్ ప్లేస్ అను కంపెనీ, ఖాళీయైన బ్యాటరీని నిమిషములలో మార్చియిచ్చు కేంద్రములు కట్టి, 85 కోట్ల డాలర్ల ప్రాంతమున ఖర్చుచేసి, 2013లో మూతపడెను. ఫిస్కర్ అను ఒకే కార్ల రూపశిల్పి పేర వెలసిన రెండు కంపెనీలు, ఒకటి 2013లోను మరియొకటి 2024లోను, దివాలా తీసినవి. రెండవదాని కారు ఫోనువలె సాఫ్ట్‌వేరుతో నడచునది. కంపెనీ పోగానే కొన్నవారు దిక్కులేనివారైరి. చివరకు వారే సంఘముగా ఏర్పడి విడిభాగములను, మరమ్మతు విధములను సమకూర్చుకొనవలసి వచ్చెను. మన పాలసంఘమువలె కార్ల యజమానుల సంఘమన్నమాట!

బ్యాటరీని నమ్మినవారందరు గెలిచిరని కూడ అనుకొనరాదు. స్వీడన్ దేశమున నార్త్‌వోల్ట్ అను సంస్థను 2016లో టెస్లా మాజీ ఉద్యోగులు స్థాపించిరి. ఐరోపా ఖండము చైనాపై ఆధారపడకుండ తన బ్యాటరీలను తాను చేసికొనవలెనని ప్రభుత్వములు, పెద్ద కార్ల కంపెనీలు సొమ్ము కుమ్మరించిరి. ఉత్తరమున షెలెఫ్టియో అను చిన్న పట్టణమున కర్మాగారము లేచెను. కాని తయారైన సెల్లులలో పనికిరానివి ఎక్కువయ్యెను. చెప్పిన గడువునకు సరుకు అందింపలేకపోయిరి. 2024లో బి.ఎం.డబ్ల్యు.వారు 200 కోట్ల యూరోల కొనుగోలును రద్దుచేసిరి. 2025 మార్చిలో నార్త్‌వోల్ట్ దివాలా తీసెను. వేలమంది పనివారు వీధినపడిరి. సెల్లులు చేయుట అప్పడములు చేయుటవంటిది. సూత్రమందరికి తెలియును, పదివేలు చేసినను ఒక్కటి విరుగకుండ చేయుట చేతివాటమున కలదు.

గెలిచినవానికి సుఖనిద్ర కలదా? లేదు. 2025 మేలో బి.వై.డి.వారు ఇరువదికి పైగా రకముల కార్ల ధరలను ఒక్కమారుగ తగ్గించిరి. పోటీదారులు తామును తగ్గింపక తప్పలేదు. ఈ ధరల యుద్ధము పరిశ్రమనే ముంచునని చైనాలోని ఇతర కంపెనీల పెద్దలే బహిరంగముగ హెచ్చరించిరి, ప్రభుత్వము కలుగజేసికొనెను. విడిభాగములు చేసి యిచ్చు చిన్న కార్ఖానాలకు నెలల తరబడి సొమ్ము చెల్లింపకుండుటను మాని, అరువది దినములలో చెల్లింతుమని ఆ జూన్‌లో పెద్ద కంపెనీలు మాట యిచ్చిరి. చెఱకు ఫ్యాక్టరీ బకాయిల రుచి తెలిసిన రైతులకు ఆ చిన్న కార్ఖానాదారుల అవస్థ చక్కగ అర్థమగును. అదే సంవత్సరము బి.వై.డి. లాభము తగ్గుముఖము పట్టెను. చవుకగా వచ్చిన కారు ధరలో కొంత భాగమును ఎవరో ఒకరు కన్నీటితో చెల్లించుచున్నారు. బ్రెజిలులో ఆ కంపెనీ కర్మాగారము కట్టుచున్న చోట, ఒక గుత్తేదారు క్రింద 163 మంది చైనా కూలీలు బానిసలవంటి పరిస్థితులలో నున్నట్లు 2024 డిసెంబరులో అచ్చటి అధికారులు కనుగొనిరి. ఆ స్థలము ఎవరిదనుకొన్నారు? 2021లో ఫోర్డు కంపెనీవారు మూసివేసిన కర్మాగారమే!

ఫోర్డువారి ప్రస్తావన మరల వచ్చినది గనుక చెప్పెదను. అమెరికా 2024లో చైనా విద్యుత్ కార్లపై నూటికి నూరు వంతుల సుంకము విధించెను. ఐరోపా సంఘమును ఆ యేడే అదనపు సుంకములు వేసెను. గోడ కట్టిన లోపలివారు బలపడుదురని ఆశ. కాని 2025 సెప్టెంబరుతో అమెరికా ప్రభుత్వము విద్యుత్ కారు కొనువారికిచ్చు 7,500 డాలర్ల పన్ను రాయితీ ముగిసెను. ఆ డిసెంబరులో ఫోర్డువారు విద్యుత్ బండ్ల పథకములను కుదించుకొని, 1,950 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలలో వ్రాసికొందుమని ప్రకటించిరి.

ఇక మన దేశమునకు వత్తము. మన గ్రంథాలయము వెలసిన 2001లోనే బెంగుళూరులో చేతన్ మైనీగారు రేవా అను చిన్న విద్యుత్ కారును అంగడిలోనికి తెచ్చిరి. టెస్లా అప్పటికి పుట్టనే లేదు. ఆ కారు సీసపు బ్యాటరీలతో నడచెడిది. లండన్ నగరమున జి-విజ్ అను పేర అది కొంత ప్రసిద్ధి గాంచెను. కాని పదేండ్లలో అమ్ముడైనవి కొలది వేలే. 2010లో మహీంద్రావారు ఆ కంపెనీని కొనిరి. ముందొచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి యన్నట్లు, 2020లో నెక్సాన్ విద్యుత్ కారుతో వచ్చిన టాటావారు ముందుకు దూసుకొనిపోయిరి. 2023 ప్రాంతమున మన దేశమున అమ్ముడైన విద్యుత్ కార్లలో నూటికి డెబ్బది వారివే. 2024లో ఎం.జి.వారు విండ్సర్ అను కారును, బ్యాటరీకి వేరుగా కిలోమీటరు లెక్కన అద్దె కట్టు పద్ధతితో తెచ్చిరి. 2025లో మహీంద్రావారు కొత్త కార్లతో మరల రంగమున దిగిరి. ఆ యేడు టాటావారి భాగము నలుబది ప్రాంతమునకు దిగెను. అయిదేండ్లలో ఇన్ని మలుపులు! స్కూటర్లలో నింకను వేగము. 2024 తొలి నెలలలో అగ్రస్థానముననున్న ఓలా కంపెనీ, మరమ్మతులను గూర్చిన ఫిర్యాదులు వెల్లువెత్తగా, 2025లో టి.వి.ఎస్., బజాజ్ వంటి పాతకాపుల వెనుక పడెను. వారి కర్మాగారము పోచంపల్లిలోనిది. మన భూదాన పోచంపల్లి కాదు, తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలోనిది.

తెలుగు నేలకును ఈ కథలో పాత్ర కలదు. 2022 సెప్టెంబరు నుండి తిరుమల కొండపైకి తిరుగు విద్యుత్ బస్సులలో మీలో పలువురు ఎక్కియుందురు. వాటిని చేసినది హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా కంపెనీ. అందలి సాంకేతిక విద్య నేను చెప్పిన బి.వై.డి.వారిదే. ఆ కంపెనీతో కలసి మేఘా ఇంజనీరింగువారు మన దేశమున వంద కోట్ల డాలర్లతో కార్ల కర్మాగారము పెట్టుదుమనగా, 2023లో కేంద్ర ప్రభుత్వము అంగీకరింపలేదు. సరిహద్దు దేశమునకు సంబంధించిన విషయము గనుక ఆ నిర్ణయమునకు కారణములు కలవు. పెనుకొండ వద్దనున్న కియా కర్మాగారమునుండి 2025లో విద్యుత్ కారు వెలువడెను. మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో అమరరాజావారు బ్యాటరీ సెల్లుల కర్మాగారమునకు 2023 మేలో శంకుస్థాపన చేసిరి. కార్ల బిగింపుకంటె ఈ సెల్లుల పనియే నాకు ముఖ్యముగ తోచును. నార్త్‌వోల్ట్ గతి చూచితిమి గనుక అది సులభమని చెప్పను. కాని పాలమూరు పిల్లలకు ఆ చేతివాటము అబ్బినచో, రేపు ఏ కంపెనీ లేచినను, ఏ కంపెనీ పడినను, వారికి పని దొరకును.

కొనదలచినవారు నన్ను సభానంతరము తప్పక అడుగుదురు గనుక ఇప్పుడే చెప్పుచున్నాను. బండి రంగు, వేగము పిదప చూడుడు. బ్యాటరీకి ఎన్ని యేండ్లు, ఎన్ని కిలోమీటర్లు పూచీ వ్రాతమూలకముగ ఇచ్చుచున్నారో చదువుడు. అది ఇనుప ఫాస్ఫేటు రకమా, నికెలు రకమా. ఎండకు చల్లబరచు ఏర్పాటు కలదా యని అడుగుడు. మరమ్మతు చేయు చోటు మీ ఊరికి ఎంత దూరమో విచారింపుడు. కంపెనీ ఈ బండి తప్ప మరియే జీవనాధారమును లేనిదా, లేక పది వ్యాపారములు గలదా యనునది కూడ కనుక్కొనుడు. ఈ వివరములిచ్చు పత్రికలు మన పఠనమందిరమున వచ్చుచున్నవి; పాత సంచికలను సైతము కార్యదర్శిగారు సంవత్సరముల వారీగా కట్టించి ఉంచినారు. ఒక కంపెనీని గూర్చి మూడేండ్ల క్రిందట ఏమి వ్రాసిరో, నేడు ఏమి వ్రాయుచున్నారో రెండును ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొనవచ్చును.